దూరపు కొండలు నునుపేనా?

దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు చెప్పినారు. మన కళాశాలలో ఉర్దూ చదువుకొనే మిత్రులు ఇదే భావమును 'దూర్ కే ఢోల్ సుహానే' అంటారు. తెలుగువాడు కంటిని నమ్మి మోసపోయినాడు, ఉర్దూ మాటలాడేవాడు చెవిని నమ్మి మోసపోయినాడు, అంతే భేదము. దగ్గరకు పోయిన పిదప గాని రాళ్లు, ముళ్లు తెలియవని రెండింటి తాత్పర్యము. ఈ సామెతను అక్షరాలా అమలు జరిపినవారు ఒకరున్నారు. వారు వీడియో గేముల నిర్మాతలు.

వారి ఆటలలో నడిచే మనిషి కాలి క్రింద గడ్డి పోచ పోచగా కనిపిస్తుంది. నాలుగడుగుల దూరములోని రాతి మీద పాచి కూడా తెలుస్తుంది. తల ఎత్తి దిగంతము వైపు చూస్తే మాత్రము, అక్కడ కొండకు బదులు కొండ ఆకారములో ఆరవేసిన తడిగుడ్డ వంటిది ఒకటి కనబడుతుంది. చెట్లు లేవు, చీలికలు లేవు, నీడలు లేవు. ఆటను కొనుక్కున్నవారిలో కొందరు దీనిని సహించలేక, ఆ దూరపు నేల చిత్రములను తామే తిరిగి తయారుచేసి, తోటివారికి ఉచితముగా పంచిపెడుతున్నారు. ఇటువంటి పనికి 'మాడింగ్' అని పేరు. వినోద వస్తువును కొన్నవాడు దానిని బాగుచేసే పనివాడుగా మారుట నాకు మిక్కిలి గౌరవనీయముగా తోచినది.

ఈ వ్యాసము వ్రాయుటకు ఒక కారణమున్నది. మన కంప్యూటర్ ప్రయోగశాలలో గేములకు సంబంధించిన పని ఏదియు చేయరాదని నియమము. ఆ నియమము వెనుకనున్న భయము నిరాధారమని నేను అనను. రాత్రి రెండు గంటల వరకు ఫోనులో బస్సు నడిపి ఉదయము తరగతిలో కునుకుపాట్లు పడేవారిని నేనెరుగుదును. ఒకానొకప్పుడు ఆ కునుకు నాది కూడా. కాని ఆటను ఆడుట వేరు, ఆటను విప్పి చూచుట వేరు. గడియారము చూచుకొంటూ కాలము గడిపేవానిని, గడియారము విప్పి మరమ్మతు చేసేవానిని ఒకే గాట కట్టరాదని కమిటీ పెద్దలకు నా విన్నపము.

దూరము ఎందుకు మసకబారుతుందో ముందుగా చెప్పుకొందాము. యంత్రము శక్తి పరిమితము. తెర మీద చిన్నదిగా కనబడే వస్తువును తక్కువ వివరముతో గీస్తే చాలునని 1976లో జేమ్స్ క్లార్క్ అనే శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసములో ప్రతిపాదించినాడు. 1983లో లాన్స్ విలియమ్స్ ఒకే చిత్రమును సగము, అందులో సగము చొప్పున తగ్గించి దొంతరగా పేర్చి, దూరమును బట్టి తగిన పరిమాణమును తీసుకొనే పద్ధతిని వివరించినాడు. దానిని మిప్‌మ్యాపింగ్ అంటారు. 'మిప్' అనేది 'కొంచెములో ఎంతో' అనే అర్థము గల లాటిన్ మాటల మొదటి అక్షరముల కూర్పు. ఈ దొంతర మొత్తమునకు అసలు చిత్రము పట్టే చోటులో మూడవ వంతు మాత్రమే అదనముగా కావాలి. ఎంత పొదుపైన ఆలోచన!

ఆట నిర్మాతలు ఇంకొక అడుగు వేసినారు. దగ్గరి నేలకు మట్టి, గడ్డి, రాయి అని వేరువేరు చిత్రములు పరుస్తారు. దూరపు నేలకు అవన్నీ ఎందుకని, విశాలమైన ప్రాంతమంతటినీ పైనుండి చూచినట్లుగా ఒకే చిన్న చిత్రముగా ముద్దచేసి కప్పుతారు. ప్రక్కకు 1024 చుక్కలు, నిలువున 1024 చుక్కలు గల చిత్రములో మొత్తము 10,48,576 చుక్కలుంటాయి. చుక్కకు నాలుగు బైట్ల చొప్పున అది 4 మెగాబైట్లు. దానినే 4096 చుక్కలకు పెంచితే 1,67,77,216 చుక్కలు, 64 మెగాబైట్లు. ప్రక్క కొలత నాలుగు రెట్లయితే బరువు పదహారు రెట్లు. అటువంటి చిత్రములు పదుల కొలదీ కావాలి. ఆనాటి సామాన్యుని యంత్రము ఈ బరువును మోయలేదు. నిర్మాతల పిసినారితనమునకు ఇంత లెక్క ఉన్నది.

కొందరు పిసినారితనమును కూడా కళగా మార్చినారు. 1999లో ప్లేస్టేషన్ యంత్రమునకు వచ్చిన 'సైలెంట్ హిల్' ఆటలో ఊరంతా పొగమంచు. దూరమును గీయలేని యంత్రపు అశక్తతను ఆ మంచు దాచినది. భయమును కూడా అదే పుట్టించినది. 2002లో బెథెస్డా సంస్థ తెచ్చిన 'మారోవిండ్' ఆటలోనూ కొద్ది దూరమునకే పొగమంచు గోడ అడ్డు వచ్చేది. అభిమానులు ఒక ఉపకరణము తయారుచేసి ఆ గోడను తొలగించినారు. దూరపు తీరములు కనబడినాయి. కాని చిత్రమేమనగా, మంచు తొలగినంతనే ఆ ద్వీపము ఎంత చిన్నదో కూడా బయటపడినది! ఎంతో దూరమనుకొన్న ఊరు కొండ ఈవల నిలబడితే కనబడసాగినది. 2006లో వచ్చిన 'ఆబ్లివియన్'లో దూరమును దాచలేదు గాని మసక మసకగా చూపించినారు. దానిని సరిచేసిన చిత్రములు ఆ యేటనే అభిమానుల చేతుల మీదుగా వచ్చినాయి. 2011 నాటి 'స్కైరిమ్'కు దూరపు చెట్లను, కట్టడములను సైతము తిరిగి కూర్చే ఉపకరణములు పుట్టినాయి. ఇన్ని సంవత్సరములు గడచినా వాటికి మెరుగులు దిద్దేవారు ఇప్పటికీ ఉన్నారు. జీతము లేదు, బిరుదు లేదు.

ఇక నా అసలు అభిప్రాయము చెబుతాను. ఈ మాడింగ్ చేసేవారిలో పలువురు స్పష్టతకే ప్రాధాన్యమిస్తున్నారు. వెయ్యి చుక్కల చిత్రమును తీసి నాలుగు వేల చుక్కల చిత్రము పెట్టినాము, ఇంకేమి కావాలి అంటారు. నేను దీనితో ఏకీభవించను. దూరమును అతి స్పష్టముగా చేస్తే కొండ మీద చుక్కలు చీమలవలె మిలమిల కదలుతాయి. కన్ను నొప్పి పుడుతుంది. ఒకే గడ్డి చిత్రమును కొండంతా పరిస్తే దగ్గరలో బాగానే ఉంటుంది గాని, దూరమునుండి చదరంగపు బల్ల వలె గళ్లు తేలుతాయి. అన్నిటికంటె పెద్ద దోషము రంగు. కాలి క్రింది నేల ఎర్రగాను, దూరపు నేల పచ్చగాను ఉంటే, రెండూ కలిసే చోట ఒక గీత ఏర్పడుతుంది. మనము నడుస్తూ ఉంటే ఆ గీత మన ముందుగా జరుగుతూ పోతుంది. ఒకసారి కంటబడితే ఇక దానిని చూడకుండా ఉండుట సాధ్యము కాదు. మంచి పనివాడు దూరపు చిత్రమును గాలిలోనుండి సృష్టించడు. ఆటలోని దగ్గరి నేల చిత్రములనే పైనుండి చూచి, వాటి రంగుల సారమును తీసి, దానితోనే దూరమును నింపుతాడు. దగ్గరకును దూరమునకును మధ్య మాట తప్పకుండుటయే ఈ విద్యలో ముఖ్యమైన నీతి.

స్పష్టత ఎంత కావాలో లెక్క కట్టవచ్చును. ఆరోగ్యముగా ఉన్న మనిషి కన్ను సుమారు ఒక కళ కోణము వరకు, అనగా ఒక డిగ్రీలో అరవయ్యవ వంతు వరకు, రెండు చుక్కలను వేరుగా గుర్తించగలదు. ఒక కిలోమీటరు దూరములో ఇది సుమారు 29 సెంటీమీటర్లు. పది కిలోమీటర్ల దూరములో దాదాపు 3 మీటర్లు. అనగా అంత దూరపు కొండ మీద మూడు మీటర్ల ఎడముతో నిలిచిన రెండు చెట్లు మనకు ఒక్కటే. దూరపు కొండలు నునుపు అనే మాట వెనుక ఇంత గణితమున్నది. మన పూర్వులు లెక్క వేయకుండానే జవాబు చెప్పినారు. ఇక అడ్డముగా 1920 చుక్కలు గల తెర మీద తొంబది డిగ్రీల వెడల్పు దృశ్యమును చూపితే, తెర నడిమి చుక్క ఒక్కటి పది కిలోమీటర్ల దూరములో సుమారు 10 మీటర్ల నేలను కప్పుతుంది. అంతకు మించిన వివరము చిత్రములో ఉన్నను ఆ దూరమున తెర చూపలేదు. కావున నాలుగు వేల చుక్కల గొప్పలు చాలవరకు డబ్బా మీది రంగు కాగితములే.

చిత్రకారులు ఈ సంగతిని మనకంటె ముందే గ్రహించినారు. దూరము పెరిగిన కొలది గాలి మూలమున రంగు పలచబడి నీలము వైపు జరుగుతుందని లియొనార్డో దా విన్చీ వ్రాసిపెట్టినాడు. అక్బరు కొలువులోని బసావన్, కేసూదాస్ వంటివారు ఐరోపా నుండి వచ్చిన ముద్రణ చిత్రములను పరిశీలించి, తమ చిత్రముల వెనుక భాగములో మసక మసకగా ఊళ్లను, కొండలను చేర్చినారు. ఆ వెనుక భాగమును ఉర్దూలో 'పస్‌మంజర్' అంటారు. దృశ్యమునకు వెనుకనున్నది అని అర్థము. తెలుగులో మనము నేపథ్యము అంటాము. తెర వెనుక చోటు అని దాని మొదటి అర్థము. రెండు భాషలలోను ఆ మాట చరిత్రకు కూడా వాడబడుతున్నది. ఒక మనిషి పస్‌మంజర్ ఏమిటి అంటే అతని వెనుకనున్న కథ ఏమిటి అని. ఈ రెండర్థముల కలయిక మరెక్కడో ఏమో గాని, విజయపురి సౌత్‌లో నివసించేవారికి ప్రతి ఉదయము కంటి ఎదుటనే ఉన్నది.

మన రేవులో నిలబడి చూడండి. ముందు నీరు, నీటి నడుమ నాగార్జునకొండ, దాని వెనుక నల్లమల వరుసలు. వేసవిలో మధ్యాహ్నము వేళ ఆవలి కొండలు సున్నపు నీటిలో ముంచి తీసినట్లుంటాయి. శ్రావణములో వాన వెలిసిన సాయంకాలము అవే కొండలు ఒక ఫర్లాంగు దగ్గరకు జరిగినట్లు కనబడతాయి. రాతి అంచుల పొరలు లెక్కపెట్టవచ్చును. ఆకురాలిన మాఘ ఫాల్గుణములలో కొండ రంగు రాతిదే గాని చెట్టుది కాదు. ఒకే కొండకు ఇన్ని ముఖములు. మన విద్యార్థులు ఆడే ఆటలలోని దూరపు కొండలు మాత్రము నార్వే మంచుకొండలు, దేవదారు వనములు. వానిని నిందించను; గీసినవారు తమకు తెలిసిన దూరమును గీసినారు. మన దూరమును మనము గీయలేదు, లోపము అక్కడున్నది. ఇండొనేషియాలో తయారైన బస్సు ఆటలో మన ఆర్టీసీ బస్సు రంగులు పులిమిన కుర్రవాళ్లున్నారు. బస్సు మనదైనది. కిటికీలోనుండి కనబడే కొండ మనది కాలేదు.

కొండను తెచ్చుట ఇప్పుడు కష్టము కాదు. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అనే అమెరికా అంతరిక్ష నౌక పదకొండు రోజులపాటు రాడార్‌తో భూమి ఎత్తుపల్లములను కొలిచినది. ఆ కొలతలు ముప్పది మీటర్లకు ఒక చుక్క చొప్పున ఉచితముగా లభిస్తున్నాయి. 2005 మే నెలలో మన ఇస్రో ప్రయోగించిన కార్టోశాట్-1, రెండున్నర మీటర్ల వివరముతో జంట చిత్రములు తీసినది. వాటినుండి తయారైన ఎత్తుల పటమును హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము 2009లో ప్రారంభమైన 'భువన్' ద్వారా అందిస్తున్నది. పది కిలోమీటర్ల దూరపు కొండకు తెర చుక్క పది మీటర్లే గదా. రెండున్నర మీటర్ల చిత్రము మనకు మిగులు. 'ఫ్లైట్‌గేర్' అనే ఉచిత విమాన క్రీడలో ఇటువంటి కొలతలతోనే ప్రపంచపు నేలను కూర్చుతున్నారు. ఎవరి ప్రాంతమును వారు మెరుగుపరచుకొనుటకు అందులో వీలున్నది.

అయితే ఈ ఉపగ్రహ పటములలో మన ఊరి వద్దకు వచ్చేసరికి ఒక విచిత్రమున్నది. రాడార్ నీటిలోనికి చూడలేదు. చెరువులను, జలాశయములను సమతలముగా చదునుచేసి పటములో పెట్టినారు. కావున ఆ పటము ప్రకారము నాగార్జునకొండ చుట్టూ ఏమియు లేదు, అద్దము వంటి బల్లపరుపు తప్ప. ఎంత మేలైన ఉపగ్రహము తెచ్చినా 1955 డిసెంబరు 10న ఆనకట్టకు పునాదిరాయి పడక ముందు ఇక్కడున్న లోయ అందులో దొరకదు. మూడు ప్రక్కల కొండలు, నాలుగవ ప్రక్క కృష్ణ, నడుమ సుమారు 23 చదరపు కిలోమీటర్ల లోయ. ఇక్ష్వాకుల విజయపురి అక్కడ ఉండేది. మన ఊరి పేరు ఆ మునిగిన పట్టణము పేరే. పుల్లారెడ్డిగూడెము వంటి పల్లెలు కూడా ఆ లోయలో ఉండేవి. రాజుల పేర్లు పుస్తకములలో మిగిలినాయి, పల్లెల గట్లు, బావులు, చింతచెట్లు మిగలలేదు.

ఆ లోయ లోకమునకు తెలిసిన తీరును మన విద్యార్థులు గుర్తుంచుకోవాలి. సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు అక్కడ ఒక ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలియజేసినాడు. 1926లో పురావస్తు శాఖ శాసన విభాగపు తెలుగు సహాయకుడు వచ్చి పరిశీలించినాడు. తరువాత లాంగ్‌హర్‌స్ట్, మరికొంత కాలమునకు రామచంద్రన్ త్రవ్వినారు. నీరు వస్తున్నదని తెలిసిన పిమ్మట 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యములో లోయ నలుమూలలా త్రవ్వకములు జరిగినాయి. ఆ ఫలితముల మొదటి సంపుటము 1975లో అచ్చయినది. అందరూ నడిచిపోయే త్రోవలో ఒక బడిపంతులు ఆగి చూచుట వలన ఇంత పని మొదలైనది.

మునకకు ముందు వారు చేసినదానిని గురించి ఆలోచించిన కొలది నాకు ఆశ్చర్యము కలుగుతున్నది. అన్నిటినీ తరలించుట అసాధ్యము. కొన్ని కట్టడములను ఊడదీసి కొండ మీద తిరిగి నిలిపినారు. కొన్నిటిని అనుపులో పునర్నిర్మించినారు. మరికొన్నిటికి చిన్న నమూనాలు చేసినారు. లోయ మొత్తమును మ్యూజియములో ఒక బల్ల మీద నమూనాగా పెట్టినారు. దగ్గరకు పూర్తి వివరము, దూరమునకు తగ్గించిన రూపము, మరింత దూరమునకు బల్ల మీది బొమ్మ! క్లార్క్ 1976లో వ్రాసిన సూత్రమును మన పురావస్తు శాఖవారు యంత్రము లేకుండానే, రాళ్లతో అమలు జరిపినారు. ఏది ఉంచాలి, ఏది తగ్గించాలి, ఏది వదలాలి అని నిర్ణయించుట ఎంత బాధ్యతతో కూడినదో వారికి తెలిసినంతగా ఏ గేము నిర్మాతకు తెలిసి ఉండదు.

నా ప్రతిపాదన ఇది. నీటి మట్టమునకు పైనున్న కొండలను ఉపగ్రహ పటముల నుండి తీసుకొందాము. నీటి అడుగున ఉన్న లోయను పునాదిరాయికి పూర్వపు పటముల నుండి, పురావస్తు శాఖ నివేదికలలోని చిత్రపటముల నుండి గీసుకొందాము. క్యూజిస్, బ్లెండర్, గింప్ మూడూ ఉచితముగా దొరికే ఉపకరణములు. ప్రయోగశాలకు ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఒక ఉచిత క్రీడాయంత్రములో ఈ రెండింటిని కలిపి, మన రేవు నుండి చూచువానికి నీరు లేని నాటి దూరము కనబడునట్లు చేద్దాము. ఆనకట్ట జోలికి, దాని ఛాయాచిత్రముల జోలికి పోనక్కరలేదు. మనకు కావలసినవి కొండలు. ఇతరుల ఆటలలోని చిత్రములను వారి అనుమతి లేక తీసుకొని మనవని చెప్పుకొనుట దొంగతనము; ఆ విషయములో మాడింగ్ చేసేవారి సంఘములే కఠినమైన కట్టుబాటు పాటిస్తున్నాయి. ఇందుకు కమిటీవారు వారమునకు రెండు సాయంకాలములు ప్రయోగశాల తలుపు తెరచి ఉంచితే చాలును. చరిత్ర శాఖవారు, ఉర్దూ తెలుగు శాఖలవారు కూడా వచ్చి కూర్చుండాలి. పస్‌మంజర్‌ను కంప్యూటర్ విద్యార్థి ఒక్కడే గీయలేడు.

ఆ లోయ వలన ఉద్యోగము వస్తుందా అని కొందరు మిత్రులు నన్ను అడిగినారు. ఎత్తుల పటము చదువుట, ఉపగ్రహ చిత్రమును సరిచేయుట, పెద్ద చిత్రమును చిన్న యంత్రములో ఇముడ్చుట నేర్చినవానికి సర్వే, నీటిపారుదల, నిర్మాణ రంగములలో పని దొరుకుట కష్టము కాదని వారికి జవాబు చెప్పినాను. కాని నిజము చెప్పాలంటే నేను ఆ పని మొదలుపెట్టినది ఉద్యోగము కొరకు కాదు.

ఇంటి వద్ద పాత లాప్‌టాప్ మీద ఇద్దరు మిత్రులతో కలిసి నేను తూర్పు వైపు వాలు ఒకటి ఇప్పటికే పూర్తిచేసినాను. ఆకుపచ్చ రంగు ఎంతో శ్రద్ధగా కలిపినాను. చిన్నతనములో ఆ లోయలో మేకలు కాచిన ఒక వృద్ధుని మా వీధిలో అందరమూ తాతా అని పిలుస్తాము. ఆయనను పిలిచి తెర చూపించినాను. చాలాసేపు మాటలాడలేదు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచి మరల పెట్టుకొన్నాడు. తరువాత అన్నాడు: "అంత పచ్చగా యాడుండేదిరా అబ్బాయ్ ఆ వాలు? సంక్రాంతి దాటితే ఎర్రరాయే అగపడేది. ఆ కింద వంకలో మాత్రం నాలుగు తుమ్మచెట్లుండేయి. అయ్యేయిరా?"

తుమ్మచెట్లు ఇంకను పెట్టలేదు. వాలు రంగు మాత్రము ఆ రాత్రే మార్చినాను.